తివాచీలో ఎండిన మామిడి రసం తోమితే పోదు, నానబెట్టి లాగాలి

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక అమ్మగారు అడిగారు. వేసవి సెలవులకు వచ్చిన మనవలు హాల్లో కూర్చుని రసాలు తిన్నారట. రసం తివాచీ మీద కారింది. ఎవరూ చూసుకోలేదు, దాని మీదికే సోఫా జరిపారు. ఇరవై రోజుల తర్వాత సోఫా తీస్తే జానెడు మేర అట్టకట్టి ఉంది, చుట్టూ చీమలు. వేడినీళ్లలో బట్టలు ఉతికే పౌడరు కలిపి బ్రష్షుతో బాగా తోమారు. తడిగా ఉన్నంతసేపూ పోయినట్టే ఉంది. మర్నాడు ఆరాక చూస్తే అంతకుముందు కన్నా పెద్ద గోధుమరంగు మచ్చ. పక్కనే ఒక చోట చూయింగ్ గమ్ కూడా అంటుకుని ఉందట. తివాచీ వాళ్ల అత్తగారి నాటిది, ఏలూరులో నేసిన ఉన్ని తివాచీ. "ఇక పారేయడమేనా?" అని అడిగారు.

పారేయొద్దమ్మా. నేను విజయవాడలో తివాచీలు, సోఫాలు శుభ్రం చేసే పనిలో ఇరవై ఆరేళ్లుగా ఉన్నాను. మీరు చెప్పినదాన్ని బట్టి మీ తివాచీ పాడవలేదు. లోపలికి వెళ్లిన రసం ఇంకా బయటికి రాలేదు, అంతే. అదెలా వస్తుందో వివరంగా చెప్తాను. ఎందుకో తెలియకుండా చేస్తే మళ్లీ బ్రష్షు పట్టుకోవాలనిపిస్తుంది కాబట్టి, ముందు లోపల ఏం జరిగిందో చూద్దాం.

మామిడి తాండ్ర ఎలా చేస్తారో మీకు తెలుసు. చాప పరిచి రసం పోస్తారు, ఎండాక దాని మీద ఇంకో పొర, దాని మీద ఇంకోటి. మీ తివాచీలో జరిగింది అదే. ఉన్ని కుచ్చుల మధ్య తాండ్ర తయారైంది. ఆ తాండ్ర ముక్కని నోట్లో పెట్టుకుంటే వెంటనే కరగదు, కాసేపు నానితే దానంతటదే మెత్తబడుతుంది. పంచదార, బెల్లం, తేనె, పాకం, పానకం, కూల్‌డ్రింకు, ఏదైనా తీపిది ఎండిపోతే దానికి మందు నీళ్లూ, సమయమూ. సబ్బు కాదు, బలం అసలే కాదు.

మరి మీరు నీళ్లు పోశారు కదా, ఎందుకు పోలేదంటే, నీళ్లు పోశారు గానీ బయటికి తీయలేదు. పైనున్న తీపి కరిగి అడుగుకు దిగింది. ఏలూరు తివాచీకి పైన కనిపించేది ఉన్ని ముడులు, ఆ ముడులను పట్టి ఉంచేది కింద నూలు పడుగు, పేక. ఆ నూలు నీటిని బాగా పీలుస్తుంది. తీపి నీళ్లు అక్కడ జానెడు నుంచి మూరెడు దాకా పాకాయి. తర్వాత ఆరడం మొదలైంది. తడి ఆరేది పైనుంచి. దీపం వత్తి అడుగునున్న నూనెను పైకి లాగినట్టు, ఉన్ని పోగులు అడుగునున్న తీపినీళ్లను కొసలకు లాగాయి. నీళ్లు ఆవిరైపోయాయి, తీపీ రంగూ కొసల్లో మిగిలాయి. అందుకే మచ్చ పెద్దదై మళ్లీ తేలింది. ఎన్నిసార్లు తోమినా ఇదే జరుగుతుంది.

పౌడరు ఇంకో చిక్కు తెచ్చింది. బట్టలుతికే పౌడర్లలో క్షారం ఉంటుంది. ఉన్నికి క్షారం పడదు. పోగు గరుకెక్కుతుంది, పసుపుపచ్చగా మారుతుంది, వేడినీళ్లూ రాపిడీ తోడైతే ఒకదానికొకటి అల్లుకుని ముద్దకడుతుంది. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో పటమటలో ఒక ఇంట్లో ఉన్ని తివాచీని సోడా నీళ్లతో తోమి, చేతులారా పాడుచేశాను. రెండడుగుల మేర గొంగళిలా అయిపోయింది. ఆ ఇంటావిడ ఒక్క మాట అనలేదు, ఆ మూలను చేత్తో తడిమి చూసుకుంటూ ఉండిపోయారు. ఆ రోజు నుంచి ఏ ఇంటికి వెళ్లినా ముందు ఆ తివాచీ దేనితో చేసిందో తేల్చుకోకుండా నీటి చుక్క వేయను.

మీది ఉన్ని అని మీకు తెలుసు. తెలియనివాళ్లకు ఒక పరీక్ష. అంచున వెనకవైపు నుంచి ఒక్క పోగు లాగి, దూరంగా సింకు దగ్గర పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో అంటించండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే ఉన్ని. కరిగి గట్టి పూసలా ముద్దకడితే అది నైలాను, పాలిప్రొపిలీన్ లాంటి సింథటిక్. కాగితంలా కాలితే నూలో, జనపనారో. ఇప్పుడు షాపుల్లో దొరికేవాటిలో ఎక్కువ సింథటిక్‌వే. వాటికి క్షారం భయం లేదు గానీ, అడుగున రబ్బరు జిగురుతో అంటించిన గుడ్డ ఉంటుంది. కిరసనాయిలు, థిన్నర్ లాంటివి పోస్తే ఆ జిగురు ఊడిపోయి తివాచీ పొరలు పొరలుగా విడిపోతుంది. జనపనార తివాచీలకు నీళ్లే శత్రువు, బాగా తడిస్తే గోధుమరంగు వాటిలోంచే ఊరుతుంది.

ఇక మీ పని. పొద్దున్నే మొదలుపెట్టండి, ఆరడానికి పగలంతా ఉండాలి. కావలసినవి: పాత తెల్లపంచె ముక్కలు ఓ పది, రెండు మూడు దళసరి తువాళ్లు (తెల్లవే, రంగు తువాలు రంగు దిగి ఇంకో మచ్చ అవుతుంది), స్టీలు చెంచా, మొక్కలకు కొట్టే స్ప్రే సీసా, తెల్ల వెనిగర్, ఉన్ని స్వెట్టర్లకు వాడే ఈజీ లాంటి లిక్విడ్.

ముందు రంగు పరీక్ష. వెనిగర్ కలిపిన నీళ్లలో తెల్ల గుడ్డ తడిపి, సోఫా కింద కనపడని చోట తివాచీ ఎరుపు మీద ఒక నిమిషం అదిమి పట్టండి. నీలం మీద ఇంకో గుడ్డతో అలాగే. గుడ్డకు రంగు దిగితే అక్కడితో ఆపేయండి. అది ఇంట్లో చేసే పని కాదు. దిగకపోతే ముందుకు వెళ్లండి.

పొడిగా ఉండగానే చెంచా అంచుతో పైన అట్టకట్టినదాన్ని చిదిపి తీయండి. కుచ్చు ఎటు వాలి ఉందో అటే గీకాలి, అడ్డంగా కాదు. రాలిన పలుకులన్నీ వాక్యూమ్‌తో లాగేయండి, లేకపోతే తివాచీని వెనక్కి తిప్పి తట్టండి. ఎండిన తాండ్ర పలుకు రాల్చడం తేలిక, కరిగించి తీయడం కష్టం. ఇక్కడ పావుగంట ఎక్కువ ఖర్చుపెడితే తర్వాత గంట మిగులుతుంది.

తర్వాత నానబెట్టడం. గోరువెచ్చటి నీళ్లు చాలు, చేతికి వెచ్చగా తెలిస్తే సరి. అంతకన్నా వేడి ఉన్నికి వద్దు. పంచె ముక్కను తడిపి, నీళ్లు కారకుండా పిండి, నాలుగు మడతలు వేసి మచ్చ మీద పరచండి. పైన పాలిథిన్ సంచి కప్పితే ఆరిపోదు. ఇరవై నిమిషాలు వదిలేయండి. ఆ ఇరవై నిమిషాలూ తాండ్రకు కావాలి, దాన్ని తగ్గించకండి.

గుడ్డ తీశాక వేలితో తాకి చూడండి. అట్ట మెత్తబడి, వేలికి జిగురు అంటుతుంది. అప్పుడు పొడి గుడ్డ వేసి అరచేతి మడమతో గట్టిగా అదమండి. రుద్దకూడదు. అదిమి, ఎత్తి, గుడ్డలో శుభ్రమైన చోటు చూసుకుని మళ్లీ అదమాలి. ఎప్పుడూ మచ్చ అంచు నుంచి మధ్యకు రావాలి, లోపలి నుంచి బయటికి వెళ్తే మచ్చను మనమే సాగదీసినట్టు. మొదటి గుడ్డ మీద టీ మరకలాంటి పసుపు దిగుతుంది. అది కనపడగానే మీకే ధైర్యం వస్తుంది. ఇరవై రోజులుగా లోపలున్నది బయటికొస్తున్నట్టు అది. ఇలా నానబెట్టి, అదిమి, నాలుగైదు సార్లు చేయాల్సి వస్తుంది. ప్రతిసారీ గుడ్డ మీద రంగు పలచబడుతుంది.

మీ తివాచీ నేలకు అంటించింది కాదు కాబట్టి మీకు ఇంకో సదుపాయం ఉంది. మూడోసారి నానబెట్టాక ఆ భాగాన్ని తిరగేయండి. కింద దళసరి తువాలు పరిచి, దాని మీద ముఖం కిందికి వచ్చేలా వేసి, వెనకవైపు నుంచి స్ప్రేతో గోరువెచ్చటి నీళ్లు కొట్టి అదమండి. అడుగు నూలులో దాక్కున్న తీపి, వచ్చిన దారినే తువాలులోకి దిగుతుంది. ముడులు వేసిన తివాచీకి నేను చేసే పనిలో సగం వెనకనుంచే. తువాలు తడిసినకొద్దీ మార్చండి.

మీరు వేసిన పౌడరు కూడా లోపలే ఉంది కాబట్టి, తర్వాత అర లీటరు నీళ్లలో రెండు పెద్ద చెంచాల తెల్ల వెనిగర్ కలిపి ఆ మేరంతా స్ప్రే చేసి, ఐదు నిమిషాలాగి అదమండి. క్షారాన్ని విరిచేది పులుపే. వాసన ఆరాక పోతుంది. ఆ తర్వాత మాత్రమే, అర లీటరు నీళ్లలో ఒక్క చిన్న చెంచా ఉన్ని లిక్విడ్ కలిపి గుడ్డతో అద్దండి. ఒక్క చెంచానే. ఎక్కువ వేస్తే నురగ లోపల మిగిలి, ఆరాక జిగురై, వచ్చేపోయే పాదాల మట్టినంతా పట్టుకుంటుంది. "కడిగిన చోటే తొందరగా నల్లబడుతోంది" అని నాకు ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమందికి అసలు కారణం ఇదే. చివరికి ఉత్త నీళ్లతో రెండుసార్లు స్ప్రే చేసి అదిమి ముగించండి. ఈ చివరి నీళ్లు మాత్రం బోరువి వద్దు. బోరు ఉప్పునీళ్లయితే ఆరాక తెల్లటి పొర మిగులుతుంది, సబ్బు కూడా సరిగా వదలదు. కుళాయికి వచ్చే మంచినీళ్లు గానీ, తాగే ఫిల్టరు నీళ్లు గానీ ఓ లీటరు పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు అందరూ వదిలేసే మెట్టు. ఇదొక్కటి చేసి ఉంటే మీకు మొన్న మచ్చ మళ్లీ తేలేది కాదు. తడి మచ్చ మీద పొడి తెల్ల తువాలు నాలుగు మడతలు వేసి పరచండి. దాని మీద పాలిథిన్ కాగితం, ఆ పైన బరువు. మా ఇంట్లో పాత సన్నికల్లు దీనికోసమే దాచాను. మీ ఇంట్లో రుబ్బురోలు పొత్రం ఉంటే అది, లేకపోతే నీళ్లు నింపిన బిందె. రెండు గంటలు అలా వదిలితే, అడుగునుంచి పైకొచ్చే తడి ఉన్ని కొసల్లో ఆగకుండా తువాలులోకి వెళ్తుంది. మరక కూడా దానితోపాటే తువాలుకు ఎక్కుతుంది. అప్పుడు తువాలు తీసి దాని మీద పసుపు ఎంత దిగిందో చూడండి. రంగు ఉంటే ఇంకో పొడి తువాలు వేసి ఇంకో రెండు గంటలు. రాత్రంతా తడిగా బరువు కింద ఉంచకండి, ముక్కవాసన వస్తుంది.

ఆ తర్వాత తివాచీని కుర్చీల మీద పరిచి, పైనా కిందా గాలి ఆడేలా ఫ్యాను పెట్టండి. కృష్ణ ఒడ్డున మాకు వానాకాలంలో గాలే తడిగా ఉంటుంది. అందుకే ఆ నాలుగు నెలల్లో పెద్ద ఉతుకు పెట్టుకోవద్దని అందరికీ చెప్తాను. మీకు ఇప్పుడు ఎండ ఉంది కాబట్టి ఒక పగలు చాలు. మిట్టమధ్యాహ్నం ఎండలో పడేయకండి, ఎరుపు వెలుస్తుంది. నీడలో ఆరాలి.

అంతా ఆరాక లేత పసుపు ఛాయ మిగలొచ్చు. అది తీపి కాదు, మామిడిపండు రంగు. క్యారెట్‌కూ మామిడికీ ఆ రంగునిచ్చేవి కెరోటినాయిడ్లు. అవి నీళ్లలో కరగవు, వెలుతురుకు మాత్రం వెలిసిపోతాయి. ఉదయపు లేత ఎండలో రోజూ అరగంట, మచ్చ తప్ప మిగతా భాగం దుప్పటితో కప్పి, ఓ వారం పెట్టండి. బ్లీచింగు జోలికి మాత్రం వెళ్లకండి. క్లోరిన్ బ్లీచు ఉన్నిని తెల్లబరచదు, కరిగించేస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడమని కొందరు చెప్తారు. మందుల షాపులో దొరికేది ఆరు శాతం. లేత రంగు సింథటిక్ తివాచీకైతే అంతే నీళ్లు కలిపి, మూల మీద పరీక్షించి వాడొచ్చు. మీ రంగుల ఉన్నికి వద్దు.

పని పూర్తయిందో లేదో తేల్చేది మన కన్ను కాదు, చీమ. మచ్చ కనపడకపోయినా చీమలు వస్తున్నాయంటే అడుగున తీపి ఉంది, ఇంకోసారి వెనకనుంచి చేయాలి. రాలేదంటే అయిపోయినట్టే. చీమల మందు పొడి, సుద్దముక్క గీత తివాచీ మీద వేయొద్దు. ఆ పొడి కుచ్చుల్లో నిలిచిపోతుంది, దాని మీద పిల్లలు పొర్లుతారు.

చూయింగ్ గమ్‌కు దీనికి పూర్తిగా ఎదురు వైద్యం. దాన్ని నానబెట్టినా, వేడి చూపించినా ఇంకా లోపలికి పాకుతుంది. ఐసు ముక్కలు పాలిథిన్ సంచిలో కట్టి దాని మీద పావుగంట ఉంచండి. రాయిలా బిగుస్తుంది. చెంచా వెనకవైపుతో రెండు దెబ్బలు వేస్తే పెంకులు పెంకులుగా విరుగుతుంది, మెత్తబడేలోగా ఏరేయండి. మెత్తబడితే మళ్లీ ఐసు. చివర మిగిలే సన్నటి జిగురుకు నీలగిరి తైలం రెండు చుక్కలు గుడ్డ మీద వేసి (తివాచీ మీద కాదు) చిటికెతో పోగు పొడవునా లాగండి. తర్వాత ఆ నూనె పోవడానికి ఉన్ని లిక్విడ్ నీళ్లతో అద్దితే చాలు. ధర స్టిక్కర్ల జిగురుకూ, టేపు జిగురుకూ ఇదే. కొవ్వొత్తి మైనం కూడా ముందు ఐసుతో విరగ్గొట్టి, మిగిలినదాని మీద గోధుమరంగు కాగితం పరిచి ఇస్త్రీపెట్టెను తక్కువ వేడిలో ఆనించాలి, కరిగి కాగితానికి ఎక్కుతుంది. సింథటిక్‌కు ఇస్త్రీ పెట్టాలంటే చాలా జాగ్రత్త, పోగే కరిగిపోతుంది.

అడిగింది మామిడి గురించే అయినా, మన ఇళ్లలో తరచూ పడే ఇంకో రెండు చెప్పకుండా ఉండలేను. ఒకటి ఆవకాయ. గుంటూరు కారం ఎరుపు నూనెలో కరిగేది, నీళ్లలో కాదు. అందుకని నీళ్లు తర్వాత. ముందు టాల్కం పౌడరో, కార్న్‌ఫ్లోరో మందంగా చల్లి గంటసేపు నూనె పీల్చనిచ్చి, దులిపి, మళ్లీ చల్లి, అప్పుడు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క నీళ్లలో కలిపి అద్దాలి. రెండోది పసుపు. పసుపు మరక మీద సబ్బు పెడితే ఎర్రగా మారుతుంది, చాలామంది అక్కడే భయపడిపోతారు. పెళ్లిళ్లలో పారాణి కలిపేటప్పుడు పసుపులో సున్నం వేస్తే ఎర్రబడేది ఇందుకే, సబ్బూ సున్నమూ రెండూ క్షారమే. వెనిగర్ నీళ్లు అద్దితే మళ్లీ పసుపుపచ్చకు వస్తుంది. ఆపైన దాన్ని తీసేసేది లేత ఎండే.

పిల్లల స్కూలు ప్రాజెక్టుల ఫెవికాల్ ఎండితే గోరువెచ్చటి నీళ్లలో వెనిగర్ కలిపి అరగంట నానబెట్టాలి, తెల్లగా ఉబ్బుతుంది, అప్పుడు చెంచాతో లేస్తుంది. ఫెవిక్విక్ పడితే మాత్రం మందులు వెతక్కండి. కొసలు బిగుసుకున్నంతవరకు చిన్న కత్తెరతో కత్తిరించేయండి, కుచ్చు వత్తుగా ఉంటే కనపడదు. పాలు, గుడ్డు, ఐస్‌క్రీమ్ లాంటివి ఎండితే చల్లటి నీళ్లే. వేడినీళ్లు పోస్తే లోపలే ఉడికి పట్టేస్తాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లన్నీ మునిగినప్పుడు ఎన్నో తివాచీలు చూశాను. అప్పుడు అందరూ ఒకే తప్పు చేశారు, పచ్చి బురదను కడగబోయి లోపలికి ఎక్కించారు. బురద పూర్తిగా ఎండాలి, దులపాలి, ఆ తర్వాతే నీళ్లు. తీపిది నానాలి, బురద ఎండాలి, గమ్ గడ్డకట్టాలి. ఏది పడిందో తెలుసుకున్నాకే చేయి పెట్టాలి. (మురుగు కలిసిన వరద నీళ్లలో నానిన ఫోమ్ అడుగున్న తివాచీలను మాత్రం దాచుకోవద్దనే చెప్పాను. అది ఆరోగ్యం సంగతి.)

ఒక హెచ్చరిక. ఏదీ పనిచేయట్లేదని కోపంలో బ్లీచింగ్ నీళ్లూ, బాత్రూమ్ కడిగే యాసిడ్డో, వెనిగరో కలిపి పోసినవాళ్లున్నారు. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. తలుపులు మూసిన గదిలో అది ఊపిరికే ప్రమాదం. ఒకటి వాడాక ఇంకోటి వాడాలన్నా మధ్యలో నీళ్లతో పూర్తిగా తీసేయాల్సిందే.

ఇంతా చేశాక కూడా మచ్చ మళ్లీ తేలితే, లేదా మొదటి పరీక్షలోనే ఎరుపు దిగితే, చేసేవాళ్లను పిలవండి. పిలిచినప్పుడు రెండు అడగండి: "ఉన్నికి ఏ లిక్విడ్ వాడతారు?" "కడిగిన నీళ్లను వెనక్కి లాగే మెషిన్ ఉందా?" షాంపూ నురగ రుద్ది తుడిచి వెళ్లిపోయేవాళ్లయితే వద్దని చెప్పండి. మీరు మొన్న బ్రష్షుతో చేసిందే వాళ్లు డబ్బు తీసుకుని చేస్తారు.

బ్రష్షు వల్ల లేచిన పోగుల గురించి దిగులు పడకండి. పూర్తిగా ఆరాక, పాత మెత్తటి దువ్వెనతో కుచ్చు వాలిన వైపు దువ్వండి, నాలుగైదు రోజులకు చాలావరకు సర్దుకుంటాయి. అక్కడక్కడ ముద్దకట్టినవి లాగొద్దు, కొసను మాత్రం కత్తెరతో సమం చేయండి. మొదటి తువాలు తీసినప్పుడు దాని మీద పసుపు కనిపిస్తే సగం పని అయినట్టే. తువాలు ఉత్త తడిగా, రంగు లేకుండా వస్తే గుడ్డ ఇరవై నిమిషాలు నానలేదని అర్థం. మళ్లీ నానబెట్టండి.